ఫ్రీ బస్సులో మా అమ్మ

నేను తిరుపతిలో ఒక చీరల అంగట్లో పని చేస్తాను. రోజు మొత్తంలో నా నోట్లోంచి ఎక్కువసార్లు వచ్చే మాట ఏదని అడిగితే, "రండక్కా" కూడా కాదు, "ఫ్రీ". రెండు చీరలకి ఒకటి ఫ్రీ. పట్టుచీరకి బ్యాగు ఫ్రీ. ఫాల్ కుట్టేది ఫ్రీ. చెప్పీ చెప్పీ నా నాలుక మీద ఆ మాట అరిగిపోయింది.

పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ళు మాత్రం దాన్ని తేలిగ్గా నమ్మరు. ఒకామె ఫ్రీ చీరని వాకిట్లోకి తీసుకుపోయి, ఎండలో పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం పాపా, దీనికేం రోగమొచ్చింది, ఊరికే ఇస్తా ఉండారు?" అని అడిగింది. ఇంకొకామె, "ఆ ఫ్రీదేదో మీరే కట్టుకోండి, దీని రేటు తగ్గియ్యండి" అంది. నవ్వొస్తుంది గానీ వాళ్ళది తప్పని అనలేను. మా నైటీల వరసలో "ఫ్రీ సైజు" అని రాసి ఉంటుంది. ఎవరికైనా సరిపోతుందని దాని అర్థం. రెండేళ్ళుగా అమ్ముతున్నాను, సరిగ్గా సరిపోయిన మనిషిని ఇంతవరకు చూడలేదు. సన్నగా ఉంటే భుజాల మీది నుంచి జారిపోతుంది, లావుగా ఉంటే చంకల్లో పట్టేస్తుంది.

అదే అంగట్లో ఇంకో రకం ఫ్రీ ఉంది. గిరాకీ లేనప్పుడు కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడితే సూపర్‌వైజరు అవతల నుంచి "ఏం పాపా, ఫ్రీగా ఉండావా?" అంటాడు. వినడానికి ప్రశ్నలాగే ఉంటుంది. జవాబు చెప్పకూడదు. వెంటనే ఏదో ఒకటి మడత పెట్టడం మొదలుపెట్టాలి. మడత పెట్టి ఉన్న చీరనే విప్పి, మళ్ళీ మడత పెట్టినా చాలు. కూర్చోవడం మాత్రం లేదు.

ఇంటి దగ్గరికి పోతే మళ్ళీ వేరే. నేను కొంచెం వాగుడుకాయని. అడిగినవాళ్ళకీ చెప్తాను, అడగనివాళ్ళకీ చెప్తాను. దానికి మా ఊళ్ళో ఒక పెద్దమ్మ మా అమ్మ దగ్గర, "మీ పాప అందురితో శానా ఫ్రీగా ఉంటాది మే" అని మూతి తిప్పింది. అక్కడ ఫ్రీ అంటే తిట్టే. మా అమ్మ కూడా ఊరుకునే మనిషి కాదు. "అంగట్లో పని కదక్కా దానిది. మూగదాన్ని పెట్టుకుంటారా యాడన్నా?" అని పంపించేసింది.

టెన్త్‌లో మా ఇంగ్లీషు సారు ఫ్రీ అంటే స్వేచ్ఛ అని బోర్డు మీద రాశాడు. నేను కూడా నోట్‌బుక్కులో రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను, మార్కు వచ్చింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ అర్థంతో ఆ మాటని మా వైపు ఎవరూ వాడగా నేను వినలేదు. ఊరికే వచ్చేది, ఊరికే ఉండేది, వదులుగా ఉండేది, ఇవే. ఇది నాకు పెద్దగా తట్టేది కూడా కాదు, మా అమ్మ కాలికి పుండు లేకపోయుంటే.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా అమ్మ చాలా ఏళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసింది. సీజను వస్తే పొద్దున నుంచి సాయంత్రం దాకా బల్ల ముందర నిలబడి పండ్లు కోసే పని. కింద నీళ్ళు, చేతిలో కత్తి, ముందర ఆగకుండా వచ్చే పండ్లు. అన్నేళ్ళు నిలబడితే కాళ్ళలో నరాలు వానపాముల్లాగా పైకి లేచాయి. పోయిన ఏడాది ఎడమ కాలి మడమ పైన, లోపలి పక్క, చర్మం నల్లబడి, దురద పెట్టి, గోకితే పుండయింది. చిన్నదే కదా అని పసుపు పెట్టింది, ఆకు పసరు పెట్టింది. అది అరచేతిలో సగం అయ్యాక నాకు చెప్పింది.

తిరుపతిలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు మంచివాడు, కోప్పడకుండా చెప్పాడు.

"ఇది మందుతో మానేది కాదమ్మా. రక్తం కాళ్ళలోనే నిలబడిపోతోంది. నువ్వు నిలబడితే అదీ నిలబడుతుంది. కట్టు కడతాం, వారం వారం వచ్చి మార్పించుకోవాలి. ఇంట్లో కాలు ఎత్తున పెట్టుకుని పడుకో. రెండు నెలలు చూద్దాం. తగ్గకపోతే నరానికి ఆపరేషన్ చేసి, తొడ మీది చర్మం తీసి ఇక్కడ అతికించాల్సి వస్తుంది."

తొడ మీది చర్మం అనేసరికి మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కత్తితో లక్షల పండ్లు కోసిన మనిషి, తన ఒంటి మీద కత్తి అంటే అంత భయం. డాక్టరు మాట మార్చడానికేమో, "మోషన్ ఫ్రీగా అవుతోందా?" అని అడిగాడు.

"ఏమంటాడు మే?" అంది నా చెవిలో.

చెప్పాను.

"దానిక్కూడా ఫ్రీ అంటారా?" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

మా నాయన ఒకరి మామిడితోపు కాపలాకి ఉంటాడు, తోపు వదిలి రాలేడు. నాకు వారంలో ఒక్క రోజే సెలవు, అది మంగళవారం. అందుకని మా అమ్మ ప్రతి మంగళవారం ఒక్కతే బస్సెక్కి వచ్చేది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యింది కాబట్టి ఛార్జీల భయం లేదు. నేను తిరుపతి బస్టాండులో ఎదురు చూసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయి, కట్టు మార్పించి, అన్నం తినిపించి మళ్ళీ బస్సెక్కించేదాన్ని.

నెల గడిచింది. పుండు తగ్గలేదు. తగ్గకపోగా, ప్రతి మంగళవారం బస్సు దిగేసరికి మా అమ్మ కాలు దిండులా వాచి ఉండేది. కట్టు పైన చర్మం ఉబ్బి మెరిసేది. డాక్టరు కట్టు విప్పి చూసి, ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలిచి, "ఇంట్లో నిలబడుతున్నావా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సామీ. కాలు కింద రెండు దిండ్లు పెట్టుకోనే పొణుకుంటా ఉండా."

నేను నమ్మలేదు. నా నోరు ఊరుకోదు కదా, బయటికి రాగానే మొదలుపెట్టాను.

"ఫ్యాక్టరీకి పోతా ఉండావా మా? నిజం చెప్పు."

"ఇబుడు సీజనే లేదు కదే. యాడ పోయేది?"

"మరి తోపులో పనికి పోతా ఉండావు."

"మీ నాయన్ని అడుగు."

"ఊరగాయ తింటా ఉండావు, ఉప్పు జాస్తి తినొద్దన్నారు కదా."

"నీ పెండ్లిలో తింటా గానీ, గమ్మునుండు" అంది. కోపం వస్తే ఆమెకి నా పెండ్లి గుర్తొస్తుంది.

ఇంటికి ఫోను చేసి మా నాయన్ని అడిగాను. "మంచం దిగేదానికి లేదు మీయమ్మ. సంగటి గూడా నేనే కెలకతా ఉండా" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి కాలు ఎందుకు వాస్తోంది? డాక్టరు వైద్యం సరిపోలేదేమో, ఇంకో ఆస్పత్రికి పోదామా అని తిరుపతిలో నేనుండే హాస్టల్లో పడుకుని ఆలోచించేదాన్ని. డాక్టరిచ్చిన గడువు ఇంకో నెలే ఉంది.

ఆ వారం అంగట్లో లెక్క చూసుకోవడానికి సోమవారం కూడా సెలవిచ్చారు. నేను ఊరికి పోయి, మంగళవారం పొద్దున మా అమ్మతో కలిసి పూతలపట్టులో బస్సెక్కాను. చిత్తూరు నుంచి వచ్చే బస్సు. ఎక్కగానే చూస్తే మధ్యలో రెండు సీట్లు ఖాళీ. నేను గబగబా పోయి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చెయ్యి పెట్టి, "మా, ఈడ" అని పిలిచాను.

మా అమ్మ వచ్చింది. సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది.

"కూసో."

"పరవాల్యా."

"పరవాల్యా ఏంది, కూసోమ్మా."

కండక్టరమ్మ వచ్చింది. ఆమె అడగకముందే మా అమ్మ బొడ్లోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డు తీసి పైకెత్తి చూపించింది. కండక్టరమ్మ ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చి, "ఏం పెద్దమ్మా, ఈ రోజు గూడా నిలబడుకోనే పోతావా? సీటు కాళీగా ఉండాది కదా" అంది.

ఈ రోజు గూడా.

మా అమ్మ వైపు తిరిగాను. "ప్రతివారం నిలబడే వస్తా ఉండావా?" అని అడిగాను.

"నిలబడే. ఏం? నడిసేది బస్సు, నేను కాదు కదా."

పూతలపట్టు నుంచి తిరుపతికి గంటన్నర. పోను గంటన్నర, రాను గంటన్నర. ఇంట్లో ఆరు రోజులు దిండ్ల మీద పెట్టిన కాలుని ఏడో రోజు ఆస్పత్రికి రావడానికే పాడు చేసుకుంటోంది. నాకు ఏడుపూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. "ఎందుకు?" అని అరిచాను. ముందర సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"అరవద్దు మే. ఫ్రీగా ఎక్కినామా లేదా? దుడ్లిచ్చినోళ్ళు ఎక్కుతారు కదా ముందర. వాళ్ళకి తావుండొద్దా?"

"నీకూ టికెట్టు ఇచ్చినారు కదా!"

"సున్నా టికెట్టు."

కండక్టరమ్మ నవ్వింది. "సున్నా అయితే ఏం పెద్దమ్మా, టికెట్టు టికెట్టే. సీటు మీద మొగోళ్ళకని రాసిపెట్టినారా?"

మా అమ్మ నా వైపు వంగి, మెల్లగా అడిగింది.

"ఊరికే ఇచ్చే తావ కూసోమని చెప్పేది యాడన్నా సూసినావా నువ్వు?"

నేను గుర్తు తెచ్చుకోబోయాను. రేషన్ అంగడి ముందర నిలబడ్డాం. ఆమె నన్ను కన్న ఆస్పత్రిలో చీటీకి నిలబడింది, నేను స్కూల్లో మధ్యాహ్నం అన్నానికి ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. కొండ మీద ఫ్రీ దర్శనం లైన్లో మేము ముగ్గురం ఎన్ని గంటలు నిలబడ్డామో, ఎంత సంతోషంగా నిలబడ్డామో. ఊరికే వచ్చేదాని కోసం మేము ఎప్పుడూ కాళ్ళతోనే వెల చెల్లించుకున్నాం. నేను ఏడాదంతా "ఫ్రీ అక్కా, ఫ్రీ" అని అరుస్తూ ఒక్కసారి కూడా ఇది ఆలోచించలేదు. ఆ అరుపు కూడా నిలబడే అరుస్తాను.

కాసేపటికి తనే చెప్పింది, కిటికీలోంచి బయటికి చూస్తూ. మొదటి వారం ఆమె కూర్చునే వచ్చిందట. నిలబడిన ఒకాయన పక్కాయనతో, "వీళ్ళకి బస్సూ ఊరికే కావల్ల, సీటూ కావల్ల. దుడ్లిచ్చినోడు కమ్మీ పట్టుకోని యాలాడల్ల" అన్నాడట.

"నన్ను సూసి అన్ల్యా. ఊరికే అన్యాడు. అయినా లేసినాను. మళ్ళా కూసోల్యా."

"వాడెవడో అన్నాడని కాలు పోగొట్టుకుంటావా మా?"

"కాలు యాడికి పోతాది" అంది. కమ్మీ మీద పట్టు మార్చింది.

ప్రభుత్వం బస్సు వాళ్ళకి కడుతుందని చెప్పాను. మన పన్నులే అని చెప్పాను. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడతాం అని, నాకు పూర్తిగా తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పాను. అన్నీ వింది. తల కూడా ఊపింది. కూర్చోలేదు. నేను లేచి నిలబడతానని బెదిరిస్తే, "నిలబడు, ఇద్దురం నిలబడదాం" అంది. ఆమె పక్కన ఆ ఖాళీ సీటు గుంతలు వచ్చిన ప్రతిసారీ ఎగిరెగిరి పడుతోంది.

ఒక స్టాపులో చంకలో పాపనేసుకుని ఒకామె ఎక్కింది. నా వయసే ఉంటుంది. మా అమ్మ వెంటనే ఆ సీటు చూపించి, "కూసో పాపా, బిడ్డతో ఉండావు" అంది.

"వద్దు పెద్దమ్మా. కూసుంటే నాకు కడుపులో తిప్పుతాది. వాకిలి కాడ గాలికి నిలబడతా" అంటూ ఆమె తన బిడ్డని నా వైపు చాపింది.

మా వైపు బస్సుల్లో ఇది మామూలే. నిలబడినవాళ్ళ చేతుల్లో ఏముందో అది కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వస్తుంది. బిడ్డయినా, సంచయినా, కోడయినా. అడిగేది ఉండదు, వద్దనేది ఉండదు. ఎవరు ఎవరో తెలియనక్కర్లేదు, దిగేటప్పుడు తీసుకుంటారు. నేను చేతులు చాపబోయాను. ఎందుకో తెలియదు, అంత ముందుగా ఆలోచించే తెలివి నాకు లేదు, చాపిన చేతులతో కాళ్ళ దగ్గరున్న నా బ్యాగుని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నా ఒళ్ళో తావు లేదక్కా. మాయమ్మకియ్యి."

మా అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కానీ బిడ్డ అప్పటికే గాల్లో ఉంది. ఆమె కమ్మీ వదిలి రెండు చేతులతో అందుకుంది. మలుపు వచ్చింది, బస్సు ఒరిగింది, రెండు చేతుల్లో పరాయి బిడ్డని పెట్టుకుని నిలబడితే ఏమవుతుందో మా అమ్మకి తెలుసు. కూర్చుంది. సీటు చివర, సగం.

బిడ్డ ముందు ముఖం చూసింది, తర్వాత ముక్కుపుడక పట్టుకుని లాగింది. "ఓసి దొంగా, బంగారమే కావాల్సొచ్చిందా నీకు?" అని మా అమ్మ దాన్ని ఒళ్ళోకి సర్దుకుంది. సర్దుకోవడంలో తను కూడా లోపలికి జరిగింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. మాట్లాడితే చెడిపోతుందని భయం. అంతసేపు మాట్లాడకుండా ఉండటం నా జీవితంలో అదే మొదలు.

చంద్రగిరిలో చాలామంది ఎక్కారు. తెల్లచొక్కా ఆయనొకడు మా సీటు పక్కనే నిలబడి టికెట్టు తీసుకుని చిల్లర జేబులో వేసుకున్నాడు. ఆ చిల్లర చప్పుడుకి మా అమ్మ కదిలింది. లేవబోయింది.

"కూసో మా, కూసో. బిడ్డ నిద్ర పోతా ఉండాది, లేపొద్దు" అన్నాడాయన. అని, తన చేతిలోని టమోటాల సంచి ఆమె కాళ్ళ పక్కన పెట్టి, "కొంచిం సూసుకో" అన్నాడు.

మా అమ్మ ఆ సంచి మీద ఒక చెయ్యి వేసింది. తిరుపతి దాకా తియ్యలేదు.

ఆ రోజు కాలు వాపు తక్కువే ఉంది. ఒక్కరోజుకే పుండు మానదు కదా. ఆ తర్వాతి వారం నుంచి బస్సులో నేను తోడుండను, ఆమె ఒక్కతే రావాలి. కూర్చుంటుందా లేదా అని నాకు సోమవారం నుంచే ఒకటే ఆలోచన. బస్టాండులో దిగగానే అడిగాను.

"కూసున్నా" అంది. "ఒక కాలేజీ పాప పుస్తకాల బ్యాగు. రాళ్ళు నింపినట్టుండాది."

తర్వాతి వారం ఎవరిదో పూల బుట్ట. ఆ తర్వాత గోంగూర కట్టలు, ఇంకోసారి కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, దారంతా ఆమె గాజుల్ని పొడిచిందట. ఇప్పుడు ఎక్కగానే తనే అడుగుతుంది, "ఇట్లియ్యి, నేను పట్టుకుంటా" అని. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికాకే కూర్చుంటుంది. నాకు ఇది పూర్తిగా నచ్చలేదు. ఊరికే కూర్చోవడానికి ఆమెకి హక్కుంది. ఆ ఒక్క మాట ఆమె చెవికి ఎక్కించలేకపోయాను. ఆ సారు బోర్డు మీద రాసిన అర్థం ఆమెకి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నాకే అది నోట్‌బుక్కులో తప్ప ఎక్కడా దొరకలేదు.

రెండు నెలలు నిండిన మంగళవారం డాక్టరు కట్టు విప్పాడు. మా అమ్మ కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆయన స్కేలు పెట్టాడు, పాత కాగితం చూశాడు, మళ్ళీ పెట్టాడు. పుండు రూపాయి బిళ్ళంత అయ్యింది. అంచుల్లో కొత్త చర్మం, చిన్నపిల్లల పెదవి రంగులో.

"బాగా తగ్గిందే! ఏం చేశావమ్మా ఈ నెల?"

మా అమ్మ కళ్ళు తెరిచి, "బిడ్డల్ని ఎత్తుకున్నా సామీ. సంచులు గూడా" అంది.

"బరువులు ఎత్తొద్దని చెప్పాను కదా!" అని ఆయన నా వైపు తిరిగాడు.

"కూర్చునే ఎత్తుకుంది సార్, బస్సులో" అని నేను మొదటి నుంచి చెప్పాను. నేను చెప్తే పొడుగ్గానే ఉంటుంది. బయట ఇంకా పదిమంది ఉన్నా ఆయన విన్నాడు.

"అయితే అట్లాగే ఎత్తుకుంటూ ఉండు. ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దు. ఇంకో నెల చూద్దాం" అన్నాడు.

బయటికి వచ్చాక ఆటో ఎక్కేటప్పుడు మా అమ్మ ఆగి అడిగింది.

"మే, వచ్చే వారం ఎవురూ సంచి ఇయ్యకపోతే?"

అప్పుడు కూడా కూర్చో అని చెప్పాలి. నాకు తెలుసు.

"ఇస్తార్లే మా" అన్నాను. "మన బస్సులో సంచి లేకుండా ఎక్కేది ఎవురు?"